ఆడ అంటే యాడ

నేను తెలుగు టీచర్ని. బేతంచెర్ల దగ్గర హైస్కూల్లో పాఠం చెప్తాను. భూమికి పర్యాయపదాలు అడగండి, చెప్తాను: ధరణి, వసుధ, అవని, పుడమి, మేదిని. తామర పువ్వుకు ఉన్నన్ని పేర్లు మా ఊళ్ళో మనుషులకు లేవు. కానీ ఆడదాని ఒంట్లో ఒక చోటు ఉంది, దానికి మా ఇంట్లో పేరు లేదు. వీధిలో ఉంది. రాళ్ళ లారీ డ్రైవరు గేరు పడకపోతే దాన్నే తలచుకుంటాడు. సందులో ఇద్దరు మగాళ్ళు కొట్టుకుంటే ఒకరి తల్లిదాన్ని ఇంకొకరు తలచుకుంటారు. తిట్టుకోవడానికి పేరుంది గానీ చెప్పుకోవడానికి లేదు.

మేం ఆడవాళ్ళం దాన్ని ‘ఆడ’ అంటాం. మా సీమలో ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. ‘ఆడ బాగా కడుక్కో’, ‘ఆడ చెయ్యి పెట్టాకు’ అని మా అమ్మ నాకు చెప్పింది. కడప వైపు పుట్టింట్లో అదే మాట, ఇక్కడ కర్నూలు వైపు అత్తింట్లో అదే మాట. బీరువా ఆడ పెట్టు, బిందె ఆడ పెట్టు అన్నట్టే ఇదీ ఒక ఆడ. వినేవాళ్ళు మన ముఖం చూసి ఏ ఆడో తెలుసుకోవాలి.

మా పాప రెండో తరగతిలో చేరిన ఏడాది నాకు ఆడ నొప్పి మొదలైంది. పుండు లేదు, వాపు లేదు, దురద లేదు. తాకితే మాత్రం మంట. మిరపకాయలు తొడిమలు తీసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా. కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు, మొదలవుతుంది. మా ఆయనకు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆయన బైకు వెనక కూర్చుని ఆ గుంతల రోడ్డు మీద ఫ్యాక్టరీ దాకా పోతే పళ్ళు బిగబట్టి ఏడ్చేదాన్ని. ఆయన మంచం మీద దగ్గరికి వస్తే ఇక చెప్పనక్కర లేదు. మొదట్లో ఓర్చుకున్నాను. తర్వాత గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాను. ఆయన మంచి మనిషే. మంచి మనిషి గనుక ఏమీ అడగలేదు. అడగకుండానే, నాకు ఆయనంటే ఇష్టం పోయిందని తీర్మానించుకున్నాడు.

బళ్ళో నాకు ఈ నొప్పి పేరు తెచ్చింది. క్లాసులో కూర్చునేదాన్ని కాదు, స్టాఫ్ రూములో కూడా కిటికీకి ఆనుకుని నిలబడేదాన్ని. ఒక రోజు మీటింగులో హెడ్మాస్టరు లేచి, ఈ మేడమ్మును చూసి నేర్చుకోండి, గంట కొట్టినప్పటి నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా కుర్చీ ముట్టదు అని మెచ్చుకున్నాడు. ఆగస్టు పదిహేనుకు శాలువా కూడా కప్పారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నిలబడే ఉపన్యాసం ఇచ్చి దిగిపోయాను.

మొదట మా అత్తకు చెప్పాను. మామ పోయాక ఇల్లంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. గయ్యాళి కాదు, మాట పొదుపు మనిషి. ‘ఆడ నొప్పిగా ఉండాది అత్తా’ అంటే వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ఆడ గీడ అని ఎవరి దగ్గరా అనొద్దంది. కడుపునొప్పి అని చెప్పమంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంది. నేను సరేనన్నాను. అంతే, ఆ రోజు నుంచి నాకు కడుపునొప్పి.

కడుపునొప్పికి మా వైపు మందులు తక్కువా? వాము నమిలాను. మెంతులు మజ్జిగలో వేసుకుని తాగాను. వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు. కారం మానమన్నారు. రాయలసీమ మనిషిని ఊరిమిండి పచ్చడి లేకుండా సంగటి తినమనడం జైలు కూడు తినమనడమే. తిన్నాను. మందులన్నీ బుద్ధిగా కడుపులోకి పోయాయి, కడుపు బంగారంలా ఉంది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

మా తోడికోడలు నాకన్నా చిన్నది. ఇద్దరికీ ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు, ఒకే పొయ్యి. కాన్పులు కూడా ఒకే ఆసుపత్రిలో అయ్యాయి. ఆమెకు ఏ నొప్పీ లేదు. స్కూటీ మీద ముందు ఒక బిడ్డను, వెనక ఒక బిడ్డను ఎక్కించుకుని, మధ్యలో టీ క్యాను పెట్టుకుని, రాళ్ళు తేలిన దారిలో ఫ్యాక్టరీ దాకా ఎగురుకుంటూ పోయి వస్తుంది. దాంతో మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ మేమిద్దరం ఒక పొడుపుకథ అయ్యాం. ఆ పిల్లకు లేనిది ఈ పిల్లకు ఎందుకుంది? ఉద్యోగం చేస్తోంది గదా, అందుకే అని ఒకామె. పెళ్ళి ఆలస్యంగా చేశారు, అందుకే అని ఇంకొకామె. సుకుమారం అని ఒకరు, మొగుడి మీద అలక అని ఒకరు. మా అత్త చెల్లెలు వరసైన ఒకామె, పుస్తకాలు ఎక్కువ చదివి ఆలోచన ఎక్కువైందని, ఆలోచన ఎక్కువైతే వేడి కిందికి దిగుతుందని చెప్పింది. తనకు మాత్రం జీవితంలో ఏ నొప్పీ రాలేదని కూడా చెప్పుకుంది. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెడితే ఏం తేలుతుందో ఆమెకు తట్టలేదు.

వాళ్ళను అనడం ఎందుకు, నేనూ అదే లెక్క చేశాను. తోడికోడలు ఏ సబ్బు వాడుతుందో చూసి అదే తెచ్చుకున్నాను. ఆమె కట్టే లంగా గుడ్డే నేనూ కుట్టించుకున్నాను. ఆమె బోర్లా పడుకుంటుందని తెలిసి నేనూ బోర్లా పడుకున్నాను. ఒక్క తేడా దొరికితే చాలు, అది సరిచేసుకుంటే నేనూ ఆమెలాగా స్కూటీ మీద ఎగురుతానని ఆశ. ఏమీ దొరకలేదు. దొరకనందుకు పాపం ఆ పిల్ల మీద రెండు రోజులు కోపంగా ఉన్నాను.

మజ్జిగలు, సబ్జాలు అయిపోయాక కర్నూలు తీసుకుపోయారు. మా ఆయనకు తెలిసిన రాళ్ళ వ్యాపారి చెప్పిన నర్సింగ్ హోము. డాక్టరు కోస్తా వైపు మనిషి, కొత్తగా వచ్చాడు, నవ్వుముఖం. నేను, అత్త ఎదురుగా కూర్చున్నాం. ఎక్కడమ్మా నొప్పి అని అడిగాడు. నాకంటే ముందు అత్త, కడుపులో సార్ అంది. దారి పొడుగునా నేను ఒకటి గట్టిగా అనుకుని వచ్చాను: ఇంట్లో అబద్ధం ఆడినా డాక్టరు దగ్గర ఆడకూడదని. తల వంచుకుని, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను.

“ఆడ సార్. నొప్పి ఆడ.”

ఆయన గట్టిగా నవ్వాడు.

“ఆడ నొప్పులు ఆడవాళ్ళకు కాక మగవాళ్ళకు వస్తాయా అమ్మా?”

నేనూ నవ్వాను. ఆ క్షణంలో ఎంత తేలికైందో చెప్పలేను. చెప్పేశాను, ఆయనకు అర్థమైంది, ఇక బతికాను అనుకున్నాను. ఆయనకు ఆడ అంటే ఆడది అనే అర్థం తప్ప ఇంకొకటి తెలియదని నాకెట్లా తెలుస్తుంది? పిల్లలకు నానార్థాలు చెప్పే దాన్ని, నా ఒంటి మీదికి వచ్చేసరికి ఒక మాటకు రెండు అర్థాలుంటాయని నాకే తట్టలేదు. ఆయన నెలసరి నొప్పులనుకున్నాడు. కడుపు అని అత్త అననే అంది. రెండూ చక్కగా అతికాయి.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన ఇచ్చిన బిళ్ళలు మింగాను. తగ్గకపోతే స్కానింగు తీయించాడు. గర్భసంచి కాస్త ఉబ్బినట్టు ఉందన్నాడు. ఇంకో రకం బిళ్ళలు. అవీ పనిచేయలేదు. అప్పుడు, ఒక పాప ఉంది గదా, సంచి తీసేస్తే శాశ్వతంగా పీడ పోతుందన్నాడు. నాకు ముప్పై నాలుగేళ్ళు. భయమేసింది. కానీ నొప్పి ఎక్కడో తెలిసిన డాక్టరు చెప్తున్నాడు కదా అనుకున్నాను.

మా వీధిలో సంచి తీయించుకోవడం తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చినంత మామూలు. మా అత్తకు నేను కాపురానికి రాకముందే తీసేశారు. ఎదురింటామెకు, ఆమె చెల్లెలికి, పాల ఆమెకు, అందరికీ తీసేశారు. ఇంకో బిడ్డ కావాలని మా ఆయనకు లోపల ఉండేది. అది కూడా మింగేసుకుని, నీ నొప్పి పోతే చాలన్నాడు. ఎండాకాలం సెలవుల్లో మంచి రోజు చూసి అత్త ముహూర్తం పెట్టింది. తోడికోడలు నా పాపను తన దగ్గర పెట్టుకుంది.

ఆ రోజు పొద్దున నర్సింగ్ హోములో నాకు పచ్చ గుడ్డ చుట్టి, చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. అత్త మంచం పక్కన, మా ఆయన కిటికీ దగ్గర. డాక్టరు ధైర్యం చెప్పడానికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, నా భుజం తట్టాడు. ఇక నెలనెలా ఈ తిప్పలు ఉండవమ్మా, ఆ మూడు రోజులు కూడా హాయిగా స్కూలుకు పోవచ్చు అన్నాడు.

ఏ మూడు రోజులు? నాకు నెలసరిలో ఏ నొప్పీ ఉండదు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఎప్పుడూ లేదు. అదే చెప్పాను. ఆయన ఆగి, నువ్వే కదమ్మా మొదటి రోజు ఆడ నొప్పి అన్నావు, నాకింకా గుర్తుంది అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ నవ్వు, నా నవ్వు, ఇన్ని నెలల బిళ్ళలు, ఈ పచ్చ గుడ్డ, అన్నీ ఒక్కసారి తెలిశాయి. భయం ఎటు పోయిందో తెలియదు, కోపం వచ్చింది. ఎవరి మీదనో కూడా తెలియని కోపం. లేచి కూర్చున్నాను. కూర్చుంటే మంట. ఆ మంట మీదనే కూర్చుని అన్నాను.

“నొప్పి కడుపులో లేదు సార్. నా యోని దగ్గర. బయట, యోని ముఖం దగ్గర. తాకితే మంట.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన కిటికీలోంచి రోడ్డు మీది లారీని చూడటం మొదలుపెట్టాడు, ఎన్నడూ లారీ చూడనివాడి మాదిరి. సూది గుచ్చిన నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది. మాట మాత్రం పైకప్పు కూలకుండా గదిలోనే ఉంది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంతేనా అనిపించింది.

డాక్టరు సర్దుకున్నాడు. అది కూడా గర్భసంచికి సంబంధించిందేనని, తీసేస్తే అన్నీ అవే సర్దుకుంటాయని అన్నాడు. నొప్పి ఉన్న చోటును ఒక్కసారైనా చూశారా అని అడిగాను. స్కానింగులో అంతా తెలుస్తుందన్నాడు. స్కానింగు కాదు సార్, కంటితో చూశారా అన్నాను. ఇన్ని నెలలూ ఎవరూ చూడలేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినవాళ్ళను విన్నాం. వీళ్ళు పక్కింట్లో ఎలుకలున్నాయని నా ఇల్లు తగలబెట్టబోయారు.

నేను సెలైన్ తీసేయమన్నాను. ముహూర్తం దాటిపోతుందని అత్త అంది. ఇంత ఏర్పాటు చేశాక ఇట్లా అంటే ఎట్లా అని డాక్టరు అన్నాడు. మా ఆయన లారీని చూస్తూనే ఉన్నాడు.

“సంచి నాది సార్. నేనే ఇంటికి తీసుకపోతా.”

నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. మళ్ళీ వచ్చి సూది తీసింది ఆమే. దూది అద్ది, గట్టిగా పట్టుకో మేడమ్ అని నా వేలు దాని మీద పెట్టింది.

ఇంటికి వచ్చాక అత్త నాతో మాట్లాడటం మానేసింది. కొడుకు ముందర, పరాయి మగవాడి ముందర ఆ మాట అన్నందుకు. నాకు చెప్పాల్సింది గోడకు చెప్పేది, లేదంటే తోడికోడలికి చెప్పేది. తోడికోడలు మాత్రం వంటింట్లో నా చెవి దగ్గరికి వచ్చి, ఎట్ల అంటివి అక్కా ఆ మాట అని అడిగింది. ఇంకోసారి అను అంది. అన్నాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత తనే ఒకసారి అని చూసుకుంది.

మా ఆయన రెండు రోజులు ఫ్యాక్టరీలోనే భోంచేశాడు. మూడో రోజు వచ్చి, అయితే నీకు నా మీద అయిష్టం కాదా అని అడిగాడు. కాదన్నాను. మంట అన్నాను. ఆయన ముఖం చూడాలి, తల మీది నుంచి నాపరాయి దించినట్టు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి మాకు ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని ఇద్దరం ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆ తిట్లు బాగున్నాయి.

మా బళ్ళో సైన్సు మేడమ్ చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి మేమిద్దరమే పోయాం. ఆమె ఆదోని వైపు మనిషి. యాడ నొప్పి అని అడిగింది. చెప్పాను. ఈసారి తల వంచుకోలేదు. చూడనియ్యి అంది. దూది చుట్టిన పుల్ల తీసుకుని మెల్లగా ఒక్కొక్క చోట ఆనించి ఈడనా, ఈడనా అని అడుగుతూ పోయింది. ఒకచోట ఆనించగానే బల్ల మీంచి లేచాను. ఈడనే అన్నాను. కన్నీళ్ళు కారిపోయాయి, మంటకు కొంత, చూసినందుకు కొంత.

దీనికొక పేరు ఉందని, అబద్ధపు నొప్పి కాదని, కొందరికి కూర్చున్నా నిలబడినా ఉంటుందని, కొందరికి తాకితేనే వస్తుందని చెప్పింది. కారణం పూర్తిగా తమకూ తెలియదని ఒప్పుకుంది. డాక్టరు నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఎట్లాంటి ఆడవాళ్ళకు వస్తుంది మేడమ్ అని అడిగాను. నా తోడికోడలి స్కూటీ మనసులో మెదులుతూనే ఉంది.

“చదువుకున్నోళ్ళకూ వస్తాది, రాళ్ళు మోసేటోళ్ళకూ వస్తాది. పెండ్లి కాని పిల్లలకూ వస్తాది, ముసలోళ్ళకూ వస్తాది. నీ గుణం చూసి వచ్చేది కాదు. ఇంట్లో ఎవరన్నా అట్లంటే నా దగ్గరికి తోలుకరా.”

సబ్బులన్నీ మానేయమంది. తోడికోడలి సబ్బు తోడికోడలికే ఇచ్చేశాను. మొద్దుబార్చే లేపనం రాసిచ్చింది. నొప్పికి భయపడి భయపడి లోపలి కండరాలు బిగుసుకున్నాయని, వాటిని వదులు చేసే వ్యాయామాలు నేర్పించింది. మెల్లగా, శానా మెల్లగా తగ్గింది. పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు పగబట్టినట్టు వస్తుంది. ఆ రోజుల్లో స్టాఫ్ రూములో ఎవరైనా కూర్చోండి మేడమ్ అంటే, కూర్చుంటే నొప్పి అంటాను. ఎక్కడ అని అడిగినవాళ్ళకు ఎక్కడో చెప్తాను. మళ్ళీ అడగరు. నాకు సిగ్గులేదని ఊళ్ళో అనుకుంటారు. అనుకోనీ. నాకు సిగ్గున్న రోజుల్లో నా కడుపు కోయబోయారు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అందరూ నంద్యాలలో పెళ్ళికి పోయారు. నేను వంటింటి గట్టు మీద పేపర్లు పెట్టుకుని దిద్దుతున్నాను. అత్త వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. నాతో నేరుగా మాట్లాడి నెలలు దాటింది.

ఆ డాక్టరమ్మ ముసలోళ్ళను కూడా చూస్తాదా అని అడిగింది. చూస్తుందన్నాను. ఎవరికని అడిగాను. ఆమె గట్టు మీది కరివేపాకు రెమ్మ తీసుకుని ఆకులు దూయడం మొదలుపెట్టింది. రెమ్మ అయిపోయింది.

“నాకూ అదే,” అంది.

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. నొప్పి లేనివాళ్ళ వరసలో మొదట నిలబెట్టుకున్నది నేను ఈమెనే. పొడుపుకథ విప్పడానికి వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని విన్న మనిషి. ఎప్పటి నుంచి అత్తా అని అడిగాను. మీ మామ ఉన్నప్పటి నుంచి అంది. సంచి తీసింది దానికేనా అంటే తలూపింది. తీసేసినా పోలేదా అంటే, పోలేదంది. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పచ్చ గుడ్డ, ఆ ముహూర్తం కళ్ళ ముందు తిరిగాయి. గట్టిగానే అరిచాను.

“నీకు పోలేదని తెలిసి కూడా నన్నేంటికి కోయించబోతివి?”

ఆమె దూసిన ఆకులన్నీ కుప్ప చేసింది. నా వైపు చూడలేదు.

“నీదన్నా పోతాదేమో అనుకుంటి పాపా.”